ముందస్తుకు ముహూర్తం: ప్రధానమంత్రుల సౌకర్యార్థం మారిషస్ అనుభవసారం

గడువు తీరకముందే పార్లమెంటును రద్దుచేసి జనం మీదికి ఎన్నికలు వదలాలని ఉబలాటపడే ప్రధానమంత్రులు లోకంలో చాలామందే ఉన్నారు. వాళ్ళకింతవరకూ సరైన కరదీపిక లేకపోవడం విచారకరం. జ్యోతిష్కులు తిథి చెబుతారుగానీ సీట్లు చెప్పరు. సర్వేలవాళ్ళు సీట్లు చెబుతారుగానీ అవి ఎవరికొస్తాయో ఫలితాలు వెలువడ్డాకే చెబుతారు. ఈ లోటు తీర్చుకోదలచిన ఏలినవారెవరైనా హిందూ మహాసముద్రంలోని మారిషస్ వైపు చూడాలి. 1983, 1987, 1991, 1995, 2000, 2014. ఇన్నిసార్లు అక్కడ ప్రధానులు గడువుకు ముందే ఎన్నికలకు వెళ్ళారు. మూడుసార్లు గెలిచారు, మూడుసార్లు ఓడారు. నాణెం ఎగరేసినా ఇదే ఫలితం దక్కేది, ఖర్చు మాత్రం మిగిలేది.

అయినా నాణెం ఎగరేయమని ఏ సలహాదారూ చెప్పడు. చెబితే సలహాదారు అక్కర్లేదని తేలిపోతుంది.

తేదీ విషయంలో అక్కడి రాజ్యాంగం ప్రధానిని చాలా గౌరవించింది. సభ ఆయుర్దాయం అయిదేళ్ళు. ఈలోగా ఎప్పుడు రద్దుచేయాలన్నది ప్రధాని ఇష్టం. 1992కు ముందు గవర్నర్ జనరల్‌కి, తర్వాత రాష్ట్రపతికి ఓ సలహా చీటీ పంపితే పని అయిపోతుంది. పార్లమెంటును అడగనక్కర్లేదు, మిత్రపక్షాన్ని అడగనక్కర్లేదు, ఇంట్లోవాళ్ళని అడగడం మాత్రం ఆనవాయితీ. ఎందుకంటే 1968లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా రెండు ఇళ్ళవాళ్ళే: రాంగులాం తండ్రీకొడుకులు, జగన్నాథ్ తండ్రీకొడుకులు. మధ్యలో పాల్ బెరాంజే అనే ఆయన రెండేళ్ళకి కాస్త తక్కువగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం కూడా ఒప్పందం ప్రకారమే, గడియారం చూసుకుని.

ముందు యంత్రం భాగాలు తెలుసుకోవాలి. తెలియకుండా బటన్ నొక్కినవాళ్ళ గతి ఏమైందో తర్వాత చూద్దాం.

మారిషస్ ద్వీపంలో నియోజకవర్గాలు 20, ఒక్కోదానికి ముగ్గురేసి సభ్యులు. తూర్పున దూరంగా ఉన్న రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. వెరసి 62. నియోజకవర్గాలకి నోరు తిరగని ఫ్రెంచి పేర్లున్నా జనం నంబర్లతోనే పిలుస్తారు. పాంప్లెమూస్-త్రియోలే అంటే ఐదో నంబరు, రివియేర్ ద్యు రాంపార్ వైపుది ఏడు, మోకా వైపుది ఎనిమిది. ఓటరు బ్యాలెట్ కాగితం మీద మూడు గుర్తులు పెట్టాలి. మూడంటే మూడే. ఇద్దరే నచ్చారు, మూడోవాడు నచ్చలేదని రెండు గుర్తులతో సరిపెడితే ఓటు చెల్లదు. ప్రేమ పొంగి నాలుగు పెట్టినా చెల్లదు. నచ్చినవాడు ఒక్కడే అయినా, నచ్చని ఇద్దరిని కూడా సభకి పంపాల్సిన పవిత్ర బాధ్యత మారిషస్ పౌరుడి మీద ఉంది. అనేక దేశాల్లో జనం ఈ పని స్వచ్ఛందంగా చేస్తున్నారు, అక్కడ చట్టమే చెప్పింది, అంతే తేడా.

పార్టీలన్నీ మూడు ఓట్లూ కట్టగట్టి మాకే వెయ్యమని బతిమాలుతాయి. కొందరు ఓటర్లు మాత్రం ఒకటి ఇటు, రెండు అటు కోసి పంచుతారు. దాన్ని అక్కడి వాడుక భాష క్రియోల్‌లో కుపే-త్రాంసే అంటారు. ఈ కోతగాళ్ళంటే అభ్యర్థులకి ప్రత్యర్థికన్నా భయం, ఎందుకంటే వాళ్ళు సొంత పార్టీలోని మూడో అభ్యర్థినే ముంచుతారు. అయినా చివరికి కట్టగట్టి వేసేవాళ్ళే ఎక్కువ. అందుకని గాలి కాస్త అటు తిరిగితే చాలు, నియోజకవర్గంలో ఒక సీటు కాదు, మూడుకి మూడూ పోతాయి. 1982లో సుమారు 64 శాతం ఓట్లు తెచ్చుకున్న కూటమికి ప్రధాన ద్వీపంలోని 60కి 60 సీట్లూ వచ్చాయి. మిగిలిన మూడోవంతు జనం ఓటు వేశారన్న సంగతి పేపర్లలో చదివి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఇంత దారుణంగా ఉండకూడదని రాజ్యాంగ నిర్మాతలు ముందే ఊహించి, ఓ ఉపశమన లేపనం కూడా తయారుచేసి పెట్టారు. దాని పేరు బెస్ట్ లూజర్ విధానం. ఓడిపోయినవాళ్ళలో బాగా ఓడినవాళ్ళని ఏరి, గరిష్ఠంగా ఎనిమిదిమందిని సభలో కూర్చోబెడతారు. ఏరేది పార్టీని చూసి మాత్రమే కాదు, కులగోత్రాలు చూసి. నామినేషన్ పత్రం మీదే అభ్యర్థి తాను ఏ సముదాయమో రాయాలి: హిందూ, ముస్లిం, చైనా సంతతి, లేదా జనరల్ పాపులేషన్. ఈ నాలుగో గది చాలా విశాలమైనది. "జీవన విధానాన్ని" బట్టి మొదటి మూడింట్లో దేనికీ చెందనివారంతా అందులోకి వస్తారని రాజ్యాంగమే నిర్వచించింది. ఫ్రెంచి తోటల యజమానుల వారసులూ, వాళ్ళ తోటల్లో బానిసలుగా చెరుకు నరికినవాళ్ళ వారసులూ ఒకే గదిలో సర్దుకుని కూర్చున్నారు. చరిత్రలో ఇంత వేగంగా సమానత్వం సాధించిన వాక్యం మరొకటి ఉండదు.

కోరంగి, విశాఖ, గంజాం తీరాల నుంచి ఓడలెక్కి కూలికి వెళ్ళిన మనవాళ్ళ సంతానం హిందూ గదిలోకి వస్తారు, తమిళులూ మరాఠీలూ అందులోనే. ఉగాదికి అక్కడ జాతీయ సెలవు. ఆంధ్ర మహాసభ పండగ వేదిక మీదికి ప్రధానే వచ్చి శుభాకాంక్షలు చెబుతాడు. కాగితం మీద తెలుగువాడు హిందువు, టికెట్లు పంచేటప్పుడు మాత్రం తెలుగువాడే. మంత్రివర్గం కూర్పు రోజున ఎన్ని తమిళ ముఖాలు, ఎన్ని తెలుగు ముఖాలు అని లెక్కపెట్టేవాళ్ళకి కొదవలేదు.

లెక్క పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో సముదాయపు జనాభాని, దానికి ఇప్పటికే దక్కిన సీట్లకి ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగించాలి. ఎవరి భాగఫలం పెద్దదో వాళ్ళకి తర్వాతి సీటు. ఆ సముదాయంలో ఓడినవాళ్ళలో ఎవరికి తన నియోజకవర్గంలో ఎక్కువ శాతం ఓట్లొచ్చాయో ఆయన లేచి వచ్చి ప్రమాణం చేస్తాడు. మొదటి నాలుగు ఇలా సముదాయాన్ని బట్టి, తర్వాతి నాలుగు పార్టీల తూకం చెదరకుండా. అంతా శాస్త్రీయమే. చిన్న ఇబ్బందల్లా ఏమిటంటే, జనాభా లెక్క 1972 నాటిది. ఆ తర్వాతి జనగణనల్లో సముదాయం ప్రశ్న ఎత్తేశారు. కాబట్టి ఈనాటి ఎన్నికల్లో ఓడిన పెద్దమనిషి గెలిచాడా లేదా అన్నది తేల్చేది అర్ధశతాబ్దం కిందటి జనం. ఓటర్ల జాబితాలో పైకెళ్ళిపోయినవాళ్ళ పేర్లుంటే దొంగ ఓట్లంటారు. ఇక్కడ దాన్నే రాజ్యాంగ సమతూకం అంటారు. ఇది పద్ధతిగా లేదని 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ చెప్పింది. దానికి స్పందించి 2014లో ఓ తాత్కాలిక చట్టం తెచ్చారు: ఇష్టంలేనివాళ్ళు సముదాయం రాయనక్కర్లేదు, కానీ రాయనివాళ్ళకి బెస్ట్ లూజర్ సీటు ఉండదు. అంటే ఓడిపోయే ఉద్దేశం లేనివాళ్ళు మాత్రమే ఆదర్శవాదులుగా ఉండవచ్చు.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్పి ముగిద్దాం, ఎందుకంటే చట్టం కూడా క్లుప్తంగానే చెప్పింది. 2014 నాటికి నామినేషన్ ధరావతు 250 మారిషస్ రూపాయలు. పార్టీ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షా యాభైవేలు, స్వతంత్రుడికి రెండున్నర లక్షలు. ఈ మొత్తంలోనే వీధివీధికీ రంగు జెండాలు, లౌడ్‌స్పీకర్లు, సభలకి బస్సులు, సందు చివర పార్టీ అడ్డాలో రాత్రంతా కాపలా కూర్చునే కుర్రాళ్ళకి బిర్యానీ అన్నీ సరిపోవాలి. తర్వాత అభ్యర్థులు ఖర్చుల పత్రాలు దాఖలు చేస్తారు. పరిమితి దాటానని రాసిచ్చే సత్యహరిశ్చంద్రుడి కోసం దేశం ఎదురుచూస్తూనే ఉంది.

ఇక చరిత్ర. నిజానికి ఈ దేశం మొదట ఆలస్యపు ఎన్నికలతోనే సాధన మొదలుపెట్టింది. 1972లో జరగాల్సిన ఎన్నికల్ని శివసాగర్ రాంగులాం ప్రభుత్వం వాయిదా వేసి వేసి 1976లో జరిపింది. ఈలోగా అత్యవసర పరిస్థితి, కొత్తగా 18 ఏళ్ళవాళ్ళకి ఓటు, వీధుల్లో మిలిటాంట్లు. చివరికి జరిపితే బెరాంజే తదితర కుర్రాళ్ళ పార్టీ ఎంఎంఎం (మారిషస్ మిలిటెంట్ ఉద్యమం) అన్నిటికన్నా పెద్ద పార్టీ అయి కూర్చుంది. ఆలస్యం చేస్తే కోపం మురిగి ముదురుతుందన్న పాఠం అప్పుడే వచ్చింది. దాన్ని అందరూ "తొందరపడితే మంచిది" అని చదువుకున్నారు.

1982 జూన్ 11న ఎంఎంఎం, హరీష్ బుధూ సోషలిస్టు పార్టీ కలిసి అరవైకి అరవై ఊడ్చేశాయి. స్వాతంత్ర్యం తెచ్చిన శివసాగర్ రాంగులాం తన సొంత ఐదో నంబరులో ఓడిపోయాడు. ఎంఎంఎం తరఫున అనిరుధ్ జగన్నాథ్ ప్రధాని, బెరాంజే ఆర్థికమంత్రి. ఎదురుగా ప్రతిపక్షం బెంచీలు దాదాపు ఖాళీ. పోట్లాడటానికి ఎదుటివాడు లేనప్పుడు రాజకీయవేత్తలు ఏం చేస్తారో అదే చేశారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1983 మార్చిలో, బెరాంజేతో సహా మంత్రుల్లో పెద్ద భాగం రాజీనామా చేసి బయటికి నడిచారు. బెరాంజే పొదుపు బడ్జెట్టు దగ్గర నుంచి, స్వాతంత్ర్య దినాన టీవీలో జాతీయగీతం క్రియోల్‌లో వినిపించడం దాకా కారణాలు చాలా ఉన్నాయి. అసలు కారణం ఎవరిది పెద్ద కుర్చీ అన్నది. ప్రతిపక్షం లేని సభ ప్రతిపక్షాన్ని తనలోంచే కంటుంది, పురిటికి తొమ్మిది నెలలు పట్టింది.

జగన్నాథ్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవిశ్వాసం తప్పదు, సంఖ్యాబలం లేదు, పార్టీ కూడా లేదు. ఏప్రిల్‌లో సూర్యుడి గుర్తుతో ఎంఎస్ఎం అని కొత్త పార్టీ పెట్టాడు. నిన్నటిదాకా తాను మట్టి కరిపించిన రాంగులాంల లేబర్ పార్టీ గుర్తు తాళంచెవినీ, పీఎంఎస్‌డీ నాయకుడు గేతాన్ దువాల్ గుర్తు కోడిపుంజునీ పక్కన చేర్చుకుని సభ రద్దు చేయించాడు. ఆగస్టు 21న పోలింగ్. నేరుగా ఎన్నికైన 62లో కూటమికి 41, ఎంఎంఎంకి 19. ఓట్లలో ఎంఎంఎంకి 46 శాతం వచ్చినా సీట్లలో మూడోవంతు కూడా రాలేదు. బెరాంజే స్వయంగా ఓడి, బెస్ట్ లూజర్‌గా సభలోకి వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యాడు. ఓడినవాళ్ళలో ఉత్తముడు ప్రతిపక్షానికి నాయకత్వం వహించడంలో అనౌచిత్యమేమీ లేదు. ఏడాది కిందట ఐదో నంబరు జనం ఇంటికి పంపిన శివసాగర్ రాంగులాం ఆ డిసెంబర్లో గవర్నర్ జనరల్ అయ్యాడు. మారిషస్‌లో ఓటమి అంటే విరామం.

ఇక్కడ ప్రధానమంత్రులు ఎర్ర సిరాతో గీత గీసుకోవాల్సిన విషయం ఒకటుంది. 1983 తేదీ జగన్నాథ్ ఎంచుకున్నది కాదు. పరిస్థితి మెడపట్టి గెంటితే వెళ్ళాడు, గెలిచాడు. 

1987, 1991 త్వరగా దాటేయొచ్చు. 1985 ఆఖరి రోజున ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో అధికార కూటమి ఎంపీలు నలుగురు సూట్‌కేసుల్లో హెరాయిన్‌తో పట్టుబడ్డారు. అలాంటి నేపథ్యంలో కూడా 1987 ఆగస్టులో, ఏడాది ముందే వెళ్ళి జగన్నాథ్ గెలిచాడు, ఎందుకంటే అప్పటికి చక్కెర, బట్టల ఫ్యాక్టరీలు, పర్యాటకం అన్నీ కలిసి దేశంలో పనులు దొరుకుతున్నాయి. చేతిలో జీతం ఉన్నవాడు పక్కవాడి సూట్‌కేసు తెరిచి చూడడు. 1991 సెప్టెంబరులో మళ్ళీ ముందస్తే. ఈసారి కట్టుకున్నది ఎవరినో కాదు, 1983లో విడాకులిచ్చిన బెరాంజే ఎంఎంఎంనే. 60లో 57. మరుసటి ఏడాది దేశం గణతంత్రమైంది, ఆ మరుసటి ఏడాది బెరాంజే మంత్రి పదవి ఊడింది. మూడు విజయాల మీద జగన్నాథ్‌కి ఓ నమ్మకం కుదిరింది: తేదీ మన చేతిలో ఉంటే ఫలితం కూడా మన చేతిలో ఉన్నట్టే.

ఇప్పుడు తెలుగు పాఠకులు కాస్త నిటారుగా కూర్చోవాలి. 1995లో మారిషస్ సభ రద్దుకి దారితీసిన కాగితాల్లో మన భాష పేరుంది. అక్కడ ఆరో తరగతి చివర సీపీఈ అని ఓ పరీక్ష ఉండేది. పదకొండేళ్ళ పిల్లలకి దేశం మొత్తం మీద ర్యాంకులు ఇచ్చేవారు. ర్యాంకు వస్తే రాయల్ కాలేజీ, క్వీన్ ఎలిజబెత్ కాలేజీ, రాకపోతే జీవితాంతం బంధువుల జాలి. ఆ ర్యాంకుల్లో ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు, పరిసరాల విజ్ఞానం లెక్కకొచ్చేవి. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, మాండరిన్, అరబిక్ పిల్లలు చదివేవారుగానీ ర్యాంకుకి పనికిరావు. ఈ భాషల్ని కూడా కలపాలని జగన్నాథ్ ప్రభుత్వం రాజ్యాంగ సవరణ పెట్టింది. ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ ఇళ్ళలో ఇది తమ పిల్లల సీట్లకి ఎసరు అన్నారు. ఎందుకంటే ఆ పిల్లలకి ఈ భాషలు బడిలో ఉండవు, ఓ సబ్జెక్టు తక్కువతో పోటీ పడాలి. సభలో కావలసిన మెజారిటీ దొరకలేదు, సవరణ వీగిపోయింది.

చాలామంది ప్రధానులు ఇలాంటప్పుడు కమిటీ వేస్తారు. జగన్నాథ్ సభ రద్దు చేశాడు. లెక్క ముచ్చటగా ఉంది: ప్రాచ్య భాషల ఇళ్ళు ఎక్కువ, కృతజ్ఞతలు ఎక్కువ, సీట్లు ఎక్కువ. ఇక్కడే ముందస్తు యంత్రం మొరాయించే చోటు స్పష్టంగా కనబడుతుంది. మనిషి తన పిల్ల ర్యాంకు గురించి బాధపడతాడు నిజమే. కానీ ఓటు వేసేటప్పుడు పదమూడేళ్ళుగా టీవీలో చూస్తున్న అదే ముఖం గురించి కూడా బాధపడతాడు. అవతల శివసాగర్ కొడుకు నవీన్ రాంగులాం లేబర్, బెరాంజే ఎంఎంఎం కలిశాయి. పల్లెల చెరుకు పట్టీ ఒకరిది, పట్టణాలు ఒకరివి. డిసెంబర్ 20న 60కి 60, ఈసారి ఎదుటివాళ్ళకి. జగన్నాథ్ తన ఏడో నంబరులో ఓడిపోయాడు. ఎంఎస్ఎంకి ఒక్క సీటూ లేదు, బెస్ట్ లూజర్ కూడా దక్కలేదు. తెలుగు అక్షరాలు ఓ ప్రభుత్వాన్ని కూల్చాయని గర్వపడదలచినవాళ్ళు పడవచ్చుగానీ, మరో ఆరు భాషలవాళ్ళు వాటా అడుగుతారని గమనించాలి.

2000లో నవీన్ రాంగులాం వంతు. మంత్రుల మీద ఆరోపణలు ముదురుతుంటే ఇంకా నాన్చడం కన్నా కొన్ని నెలలు ముందే వెళ్దామనుకున్నాడు. సరిగ్గా ఆ తొందరే జగన్నాథ్‌నీ బెరాంజేనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మూడేళ్ళు నువ్వు, రెండేళ్ళు నేను అని ఇజ్రాయెల్ పద్ధతిలో ప్రధాని పదవిని పంచుకున్నారు. సెప్టెంబర్ 11న 60లో 54 వాళ్ళకి. విచిత్రమేమిటంటే 2003 సెప్టెంబర్ 30న మాట ప్రకారం కుర్చీ నిజంగానే మారింది. మారిషస్ రాజకీయాల్లో ఈ సంఘటనకి ఇప్పటికీ సరైన వివరణ లేదు.

అన్నిటికన్నా శ్రద్ధగా చదవాల్సింది 2014. ముందస్తు ఎన్నికను పూర్తిగా శాస్త్రోక్తంగా, కాగితం మీద ఏ లోపమూ లేకుండా జరిపితే ఏమవుతుందో అది చూపిస్తుంది.

2010లో లేబర్ కూటమికి ఓట్లలో దాదాపు సగం, ఎంఎంఎం కూటమికి 42 శాతం. రెండూ కలిస్తే 90 దాటుతుంది. మూడో తరగతి పిల్లాడు కూడా చేయగల కూడిక. ఆ కూడిక చేసినవాళ్ళు ఓ చిన్న సంగతి మరచిపోయారు: ఆ సగంలో జగన్నాథ్‌ల ఎంఎస్ఎం, దువాల్‌ల పీఎంఎస్‌డీ ఓట్లు కూడా ఉన్నాయి. వాళ్ళు ఈలోగా గడప దాటి వెళ్ళిపోయారు. నెలల తరబడి కోజ్-కోజే, అంటే తెరచాటు మంతనాలు నడిచాయి. ఉదయం పొత్తు కుదిరిందని, సాయంత్రం చెడిందని, రాత్రి మళ్ళీ కుదిరిందని. అప్పటిదాకా బెరాంజే పొత్తు ఎంఎస్ఎంతో. అనిరుధ్ జగన్నాథ్ 2012లో రాష్ట్రపతి పదవి వదులుకుని మరీ వచ్చి ఆయనతో చేతులు కలిపాడు. ఆ చేతిని వదిలి బెరాంజే నవీన్ చెయ్యి పట్టుకున్నాడు. చెరో 30 టికెట్లు. నవీన్ రాష్ట్రపతి అవుతాడు, జనమే నేరుగా ఎన్నుకునే రాష్ట్రపతి, ఏడేళ్ళ పదవి, కొత్త అధికారాలు. బెరాంజే ప్రధాని అవుతాడు. దీనికి రెండో గణతంత్రమని పేరు పెట్టారు. రాజ్యాంగం మార్చాలంటే సభలో నాలుగింట మూడొంతులు కావాలి, అది వస్తుందనడంలో ఎవరికీ సందేహం లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు రెండో గణతంత్రం.

అక్టోబర్ 6న సభ రద్దయింది. నామినేషన్లు నవంబర్ 24న, పోలింగ్ డిసెంబర్ 10న. మధ్యలో 65 రోజులు. ఇది గమనించాల్సిన సాంకేతిక లోపం. ముందస్తులో ఉన్న ఒకే ఒక లాభం ఎదుటివాడు సిద్ధంగా లేకపోవడం. అతనికి రెండు నెలలకు పైగా సమయం ఇచ్చాక మిగిలేది ముందస్తు ఖర్చు మాత్రమే. ఆ 65 రోజులూ ఓ పక్క నవీన్, బెరాంజే కొత్త రాష్ట్రపతి అధికారాల పరిధిని, ఇద్దరి మధ్య పంపకాన్ని, అధికరణల్ని జనానికి వివరించారు. రెండో పక్క 84 ఏళ్ళ అనిరుధ్ జగన్నాథ్, దువాల్ కొడుకుని వెంటేసుకుని రెండు విషయాలు చెప్పాడు: వృద్ధాప్య పింఛను 5,000 రూపాయలు చేస్తాం, డ్రైవింగ్ లైసెన్సు మీద పాయింట్లు కోసే పద్ధతి ఎత్తేస్తాం. స్పీడు కెమెరా ఫ్లాష్ ఎక్కడ పడుతుందో అని గుండె చేత్తో పట్టుకుని బండి నడిపేవాడికి ఏడేళ్ళ రాష్ట్రపతి అధికారాల మీద ఎంత శ్రద్ధ ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళ నినాదం "విరే మామ్", తిప్పేద్దాం అని. నిజానికి మూడు దశాబ్దాలుగా తిరుగుతున్నది తామే అన్న సంగతి నినాదంలో లేదు.

అసలు దెబ్బ లోపల తగిలింది. పొత్తు కాగితం మీద సంతకం పెట్టేది నాయకుడు, దాన్ని మోసేది గ్రామంలో కార్యకర్త. ముప్ఫై ఏళ్ళు ఎంఎంఎం ఊదా జెండా పట్టుకుని లేబర్ ఎర్ర జెండావాణ్ణి తిట్టినవాడిచేత, ఇప్పుడు బ్యాలెట్ మీద లేబర్ తాళంచెవికి రెండు, ఎంఎంఎం గుండెకి ఒకటి గుర్తు పెట్టమంటే చెయ్యి వణుకుతుంది. లేబర్ గ్రామాల్లో బెరాంజే ప్రధాని అవుతాడంటే వణికినవాళ్ళున్నారు, ఎంఎంఎం పట్టణాల్లో నవీన్ ఏడేళ్ళు పైన కూర్చుంటాడంటే చిరాకుపడ్డవాళ్ళున్నారు. రెండు పార్టీల ఓట్లు కలవలేదు, రెండు పార్టీల మీద కోపాలు మాత్రం చక్కగా కలిశాయి. ఓట్లు ఆ రాత్రి లెక్కపెట్టరు. పెట్టెలకి సీలు వేసి కాపలా పెట్టి, మర్నాడు పొద్దున బడుల్లో తెరిచి చేత్తో లెక్కపెడతారు. ఒక్కో కాగితం మీద మూడేసి గుర్తులు, ముప్ఫై దాటిన పేర్లు, సాయంత్రమైపోతుంది. ఆ సాయంత్రానికి జగన్నాథ్ కూటమికి 60లో 47, రెండో గణతంత్రానికి 13. 90 శాతం కూడిక 38 శాతం చిల్లరగా తేలింది. నవీన్ రాంగులాం ఐదో నంబరులో ఓడిపోయాడు, 1982లో తండ్రి ఓడిన చోటే. వారసత్వం విషయంలో ఐదో నంబరు ఓటర్లకి ఉన్న పట్టింపు మెచ్చుకోదగ్గది.

దీన్నుంచి కొన్ని పక్క సలహాలు. జనాన్ని మెప్పించడానికి ఇచ్చే వరాలు ఎన్నికల తేదీకి మరీ దగ్గరగా, మరీ స్థలనిర్దేశంతో ఇవ్వకూడదు. 2005లో ఎనిమిదో నంబరులో గెలిచిన మాజీ ఆరోగ్యమంత్రి అశోక్ జగన్నాథ్, ముస్లింల శ్మశానానికి స్థలం, తన శాఖలో ఉద్యోగాలు ఆశ చూపాడని కోర్టు తేల్చి ఎన్నిక రద్దు చేసింది. మారిషస్‌కి అంతిమ న్యాయస్థానమైన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళినా లాభం లేకపోయింది. 2009 ఉపఎన్నికలో ఆ సీటు అనిరుధ్ కొడుకు ప్రవింద్‌కి దక్కింది, ఇంట్లోనే ఉంది కాబట్టి పెద్దగా నష్టం లేదు. ఇదే ప్రవింద్ 2017 జనవరిలో తండ్రి రాజీనామా చేసి కుర్చీ ఇస్తే ఎన్నిక అవసరమే లేకుండా ప్రధాని అయ్యాడు. ఖర్చు లేదు, ఓడే ప్రమాదం లేదు. ఇది ముందస్తు కన్నా మేలైన పద్ధతి. అయితే దీనికి సరైన వయసు తండ్రి కావాలి, అది అందరికీ వీలుపడదు.

2024 నాటి ఎన్నికను ముందస్తు అనలేం, గడువుకి కొన్ని వారాలే మిగిలింది. కానీ ఆ కొన్ని వారాల్లో కూడా తేదీ ఎంచుకున్నవాడు ఎలా ఆలోచిస్తాడో చూడవచ్చు. అక్టోబర్ 3న, అప్పటిదాకా తన గుప్పిట్లో ఉంచుకున్న చాగోస్ దీవుల మీద మారిషస్‌కి సార్వభౌమత్వం ఇవ్వడానికి బ్రిటన్ ఒప్పుకుంది. అక్టోబర్ 4న ప్రవింద్ సభ రద్దు చేయించాడు. అర్ధశతాబ్దపు పోరాటం ఫలించిన మర్నాడు జనం దగ్గరికి వెళ్తే ఎవడు కాదంటాడు? అంతలో మిస్సీ ముస్తాస్, అంటే మీసాలయ్య అనే పేరుతో, ఎవరెవరివో ఫోన్ సంభాషణలు ఒక్కొక్కటిగా బయటికి రావడం మొదలైంది. చాగోస్ మాట మరచి దేశం మొత్తం ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ప్రభుత్వం నవంబర్ 1న పోలింగ్ అయ్యేదాకా సోషల్ మీడియా బంద్ అంది. అప్పటిదాకా వినని కొద్దిమందికి కూడా అందులో వినదగ్గదేదో ఉందని తెలిసింది. మర్నాడే నిషేధం ఎత్తేశారు. నవంబర్ 10న 60కి 60, మళ్ళీ ఎదుటివాళ్ళకే. ప్రవింద్ ఎనిమిదో నంబరులో ఓడాడు.

ఇంతకీ ఎదుటివాళ్ళెవరు? గెలిచాక ప్రధాని అయింది నవీన్ రాంగులాం, ఉపప్రధాని అయింది పాల్ బెరాంజే. 2014లో ఇదే జంట, తమకి కావలసిన తేదీకి, 90 శాతం ఓట్లతో బయల్దేరి 13 దగ్గర ఆగింది. పదేళ్ళ తర్వాత అదే జంట, శత్రువు పెట్టిన తేదీకి వెళ్ళి 60 తెచ్చుకుంది.

కాబట్టి ఈ వ్యాసకర్త వినయపూర్వక సిఫార్సు ఒక్కటే: సభ రద్దుచేసే సలహా చీటీ రాసే అధికారాన్ని ప్రధాని నుంచి తీసి ప్రతిపక్ష నాయకుడికి ఇవ్వాలి. ఆయన తనకి అనువైన రోజు చూసుకుని ముహూర్తం పెడతాడు, ప్రధాని హాయిగా గెలుస్తాడు. దీనికి రాజ్యాంగ సవరణ అవసరం, నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి, 2024లో గెలిచినవాళ్ళకి అది దండిగా వచ్చింది. అడ్డంకల్లా ఒకటే. ప్రతిపక్ష నాయకుడికి ఈ సంగతి తెలిస్తే ఆయన అయిదేళ్ళూ చీటీ రాయడు.